ఒక్కసారి తాకి పోయినది

మినోదోరకు ఉన్నచోట నిలకడ లేదని పాల్తిన్ మఠంలో అందరికీ తెలుసు. ప్రార్థనకు నిలబడితే బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుస్తూనే ఉండేది. ఉన్ని ఏకడానికి కూర్చుంటే మడమ నేలను తడుతూనే ఉండేది. "తెప్పలు నడిపేవాడి కూతురు కదా, ఒడ్డున ఎలా నిలుస్తుందిలే!" అని వంటశాలలో సన్యాసినులు నవ్వుకునేవాళ్లు. ఆమె తండ్రి నిజంగానే బిస్త్రిత్స నది మీద దుంగల తెప్పలు నడిపినవాడు. కానీ ఆమెకు ఆ అవస్థ తండ్రి నుంచి రాలేదు.

పన్నెండో ఏట ఒక మధ్యాహ్నం కొండ మీద గడ్డి ఆరబెడుతుండగా ఆమెకు ఒకటి జరిగింది. ఏం జరిగిందో నలభై రెండో ఏట కూడా ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. చేతిలో పంగలకర్ర ఉంది. చెంప మీద ఈగ వాలింది. అంతలో లోకమంతా దగ్గరికి వచ్చేసింది. కొండ, గడ్డి, ఈగ, అవతలి గట్టున దగ్గుతున్న ముసలాయన, ఏదీ ఆమెకు బయట లేదు. ఆమెను ఆమెకంటే బాగా ఎరిగినవాడెవడో పక్కనే నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు. తల్లి కేకేసింది, అది పోయింది.

ఆ తర్వాత ఏదీ రుచించలేదు. పందొమ్మిదో ఏట రంపపు మిల్లు మేస్త్రీ కొడుకుతో పెళ్లి కుదిర్చారు. ముహూర్తం వారంలో ఉందనగా జడ కత్తిరించుకుని, రెండు రోజులు నడిచి, పాల్తిన్ మఠం తలుపు తట్టింది. ఆ తాకినవాడు మళ్లీ తాకే చోటంటూ ఉంటే అదే అనుకుంది. ఇరవై మూడేళ్లు గడిచాయి. ఉన్ని ముడుల జపమాలలు మూడు అరిగిపోయాయి. ఆయన మాత్రం రాలేదు.

మఠంలో తెక్లా అనే ముసలి సన్యాసిని ఉండేది. ఆమెకు హృదయ ప్రార్థన పట్టుబడిందనీ, నిద్రలో కూడా "ప్రభూ, కరుణించు" అన్న మాట లోపల తనంతట తానే నడుస్తుందనీ చెప్పుకునేవాళ్లు. ఆమె ముందు కాసేపు కూర్చుని పోదామని కొండలు దిగి జనం వచ్చేవాళ్లు. తెక్లా కళ్లకు పొర కమ్మినప్పుడు సాయానికి ఒకరు కావాల్సి వస్తే, మినోదోర మఠాధిపతి కాళ్లు పట్టుకుని మరీ ఆ పని సంపాదించుకుంది. నిధి కాపలా దొరికినంత సంబరపడింది.

ఆరేళ్లు అడిగింది. తెక్లా బెల్లం కొట్టిన రాయి.

"మాయికా, మీకు ఆయన కనిపిస్తాడా?" మఠంలో పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

"నా కళ్ల సంగతి నీకు తెలీదా పిల్లా? నువ్వే సరిగ్గా కనబడవు. బీట్‌రూట్ చెక్కు తీశావా?"

"తీశాను. మాయికా, ఊపిరి బిగబట్టి జపం చేస్తే గుండెలో వేడి పుడుతుందట. నిజమేనా?"

"కుంపటి దగ్గర కూర్చున్నా పుడుతుంది."

"ఎగతాళి చెయ్యకండి. ఇరవై మూడేళ్ల నుంచి తలుపు కొడుతున్నాను."

తెక్లా ఆ మాటకు తలెత్తి, ఆమె ఉన్న వైపు కాక కాస్త పక్కకు చూసింది. "అదేనే నీ బాధ. కొట్టేవాళ్లకు కొట్టిన చప్పుడే వినబడుతుంది," అంది. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు.

ముసలామె కావాలనే దాస్తోందని మినోదోరకు గట్టి అనుమానం. ఇస్తే అరిగిపోతుందా అని లోలోపల ఉడికిపోయేది. ఆ ఉడుకును పాపమని ఒప్పుకోలులో చెప్పుకునేది, మర్నాడు మళ్లీ ఉడికేది.

యుద్ధం ముగిసిన పద్నాలుగేళ్లకు, శరత్కాలంలో, మఠానికి మిలిషియా పోలీసుల బండి వచ్చింది. యాభై నిండని సన్యాసినులందరూ ముసుగులు తీసేసి ఊళ్లలోకి పోయి పని చేసుకోవాలని, దేవుణ్ణి ఒప్పుకోని కొత్త ప్రభుత్వం ఆజ్ఞ. పడుచు లెఫ్టినెంట్ ఒకడు మెట్ల మీద నిలబడి, ఇంటి పేర్లతో, పుట్టిన పేర్లతో జాబితా చదివాడు. "రుక్సాంద్రా!" అని పిలిచినప్పుడు ఎవరా అని మినోదోర కూడా చుట్టూ చూసింది. రెండోసారి పిలిచాక గాని అది తన పేరేనని గుర్తు రాలేదు.

మూట కట్టుకోవడానికి గంట సమయం ఇచ్చారు. ఆమె మూట కట్టలేదు. పరుగున తెక్లా గదికి పోయి మోకాళ్ల మీద పడింది.

"మాయికా, నన్ను పంపేస్తున్నారు. ఇంక మీరు దాచి లాభం లేదు. ఒక్క మాట ఇవ్వండి. దాన్ని పట్టుకుని బతుకుతాను."

తెక్లా ఆమె తల తడిమింది, చెవులు తడిమింది. ఏదో వెతికి వెతికి మంచం కింద నుంచి ఒక జత ఉన్ని మేజోళ్లు తీసింది.

"ఇవి తొడుక్కో. పట్నంలో సిమెంటు నేలలు. కాళ్లు పట్టేస్తాయి."

"ఇంతేనా?"

"రెండో జత ఎలకలు కొట్టేశాయి తల్లీ."

మినోదోర మేజోళ్లు తీసుకుంది గాని, బండి ఎక్కాక దారిపొడుగునా పళ్లు కొరుకుతూనే ఉంది.

పట్నంలో ఆమెను ఉన్నిమిల్లులో ఏకే యంత్రం దగ్గర పెట్టారు. ఉండడానికి అగ్లాయియా అనే ఆవిడ గదిలో సగం ఇచ్చారు. అగ్లాయియాకు యాభై దాటాయి. మొగుడు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. వడికే యంత్రం మీద తెగిన పోగును ఆమె అతికినంత వేగంగా మిల్లులో ఇంకెవరూ అతకలేరు. నోరు అంతకంటే వేగం.

"వచ్చావా సన్యాసమ్మా! చూడు, ఆ గోడవైపు మంచం నీది. పటాలు పెట్టుకుంటే పెట్టుకో గాని నా నెత్తి మీద పెట్టకు. నాకూ ఆయనకూ మాటల్లేవు."

యంత్రాల మోతలో మినోదోరకు తన ఊపిరే తనకు వినబడేది కాదు. జపం మొదలుపెడితే మూడో మాటకే తెగిపోయేది. మఠంలో కనీసం తలుపు కొడుతున్నానన్న ధీమా ఉండేది, ఇక్కడ తలుపే లేదు. నడుస్తూ చేసి చూసింది. చెవుల్లో ఉన్ని కుక్కుకుని చేసి చూసింది. విశ్రాంతి వేళ ఉన్ని మూటల వెనక నక్కి చేసి చూసింది. ఊరి చివరి గుడికి పోతే అక్కడ మిలిషియావాడు వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకుంటున్నాడు. గుడి ముందు నుంచే వెనక్కి వచ్చేసింది. పిరికిదాన్నని తనను తాను తిట్టుకుంది. వీధిలో అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు వేసి, చివరికి మిల్లుకే పోయింది.

ఈస్టరుకు ముందు చేసే లెంట్ ఉపవాసాలు వచ్చాయి. ఇంక ఇదొక్కటే దారి అనుకుంది. ఆకలితో ఒళ్లు పల్చబడితే ఆయన వెలుగు దూరడానికి సందు దొరుకుతుందని ఎక్కడో విన్నది. మూడు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

"ఏమే, సంకటి ముట్టలేదేం?" అని అగ్లాయియా మొక్కజొన్న సంకటి గిన్నె ముందుకు తోసింది. "పెట్టినది నేనని అలకా?"

"ఆకలి లేదక్కా."

"ఆకలి లేనిదానికి చేతులెందుకు వణుకుతున్నాయి?"

నాలుగో రోజు పొద్దున యంత్రం దగ్గర మినోదోరకు నిజంగానే వెలుగు కనిపించింది. కిటికీలోంచి పడే ఎండలో ఉన్ని నలుసులు తేలుతున్నాయి. అవి బంగారమయ్యాయి. వచ్చాడు, ఇన్నేళ్లకు వచ్చాడు అనుకుంటూ చేతులు చాచింది. కళ్లు తిరిగి, ముందుకు, తిరుగుతున్న ముళ్ల రోలర్ల మీదికి ఒరిగిపోయింది.

అగ్లాయియా చూసింది. పరుగున వచ్చి భుజంతో ఆమెను పక్కకు నెట్టింది. ఆ ఊపులో తాను తూలి, ఆపుకోవడానికి చెయ్యి ఆన్చింది. ఆన్చిన చోట రోలర్ ఉంది.

కుడిచేతికి రెండు వేళ్లు పోయాయి.

మేనేజరు వచ్చి విచారణ మొదలుపెట్టాడు. ఉపవాసం సంగతి బయటపడితే మినోదోర మీద కేసు రాస్తారని అక్కడ అందరికీ తెలుసు. గాయం మీద గుడ్డ చుట్టుకుని, ముఖం సున్నంలా పాలిపోయిన అగ్లాయియా ఆయన వైపు చూసి, "నా కాలే జారింది. నూనె ఒలికిన నేల తుడవమని ఎన్నిసార్లు చెప్పాను మీకు?" అంది. ఆయన అదే రాసుకుని పోయాడు.

అగ్లాయియా ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున మినోదోర గుమ్మంలోనే ఏడవబోయింది.

"నా ముందు ఏడవకు," అంది అగ్లాయియా. "ఈ ఇంట్లో ఏడ్చే హక్కు ప్రస్తుతానికి నాది. ముందు తల దువ్వు. ఎడంచేత్తో నావల్ల కావడం లేదు."

మినోదోర తల దువ్వింది. జడ అల్లింది. రవిక గుండీలు పెట్టింది, చారు కాచి ఇచ్చింది. రెండు వారాలు అలా గడిచాక ఒక సాయంత్రం కట్టు మారుస్తుంటే అగ్లాయియా అడిగింది.

"ఇప్పుడు చెప్పు. దేనికోసం తిండి మానేశావ్?"

మినోదోర చెప్పింది. పన్నెండో ఏట కొండ మీద జరిగిన సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పనిది, తెక్లాకు కూడా చెప్పనిది, మొదటిసారి ఈమెకు చెప్పింది. గడ్డి, ఈగ, దగ్గుతున్న ముసలాయన, పక్కనే నిలబడ్డవాడు.

అగ్లాయియా కట్టు ముడిని పంటితో బిగించుకుంది.

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"నాకు నా మొగుడు పదకొండు నెలలు దక్కాడు. అంతే. దానికోసం నేను పదిహేడేళ్లుగా తిండి మానేసి యంత్రాల్లో తల పెడుతున్నానా?" అంటూ ఆమె లేచి కూర్చుంది. "నీకు దొరికింది మంచిదే అయ్యుంటుంది. కాదనను. కానీ నీకు కావల్సింది ఆయనో, ఆ మధ్యాహ్నమో నాకు అర్థం కావడం లేదు. నీకైనా అర్థమైందా?"

మినోదోరకు ఎక్కడో ముల్లు దిగినట్టయింది. కోపం వచ్చింది. దేవుడితో మాటల్లేనిది తనకు దారి చెప్పడమా! ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఒక్కరే. ఆ ఆదివారమే, నిషేధమని తెలిసీ, పాల్తిన్‌కు బయల్దేరింది. ఆపిల్ కొమ్మలు కత్తిరించడానికి పోయే ఆడకూలీల మధ్య, వాళ్లలాగే రంగుల తలగుడ్డ కట్టుకుని తోటలోంచి లోపలికి దూరింది.

తెక్లా మంచం మీద ఉంది. కళ్లు పూర్తిగా పోయాయి. అడుగుల చప్పుడు విని, "మినోదోరా? మడమ కొట్టుకోవడం తగ్గలేదే నీకు," అంది.

మినోదోర మంచం పక్కన కూలబడింది. అంతా చెప్పేసింది. కొండ, ఉపవాసం, బంగారు నలుసులు, అగ్లాయియా వేళ్లు. చెప్పి, "ఈసారి మేజోళ్లు ఇచ్చి పంపకండి మాయికా. ఆయన మీ దగ్గరికి ఎలా వస్తాడో చెప్పండి. చెప్పకపోతే నేను ఇక్కడినుంచి లేవను," అంది.

ముసలామె దుప్పటి అంచు నలిపింది.

"రాడు," అంది.

"ఏమిటి?"

"నా దగ్గరికి ఆయన రాడు పిల్లా. నాకు ఇరవై ఆరేళ్లప్పుడు ఒకసారి వచ్చాడు. క్యాబేజీ ఊరబెట్టే పీపాలు కడుగుతున్నాను. చేతులు మోచేతుల దాకా ఉప్పునీళ్లలో ఉన్నాయి. ఒక గుడ్డు ఉడికేంత సేపు. అంతే. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది."

మినోదోర మాట అరుపులా వచ్చింది. "మరి హృదయ ప్రార్థన? నిద్రలో కూడా నడుస్తుందని..."

"నడుస్తుందేమో. నిద్రలో నాకెలా తెలుస్తుంది? వాళ్లు చెప్పుకున్నారు. నేను కాదనలేదు, అవుననలేదు. అది నా తప్పే." తెక్లా ఊపిరి తీసుకుంది. "మొదట్లో నీకులాగే కొట్టుకున్నాను. పదేళ్లు. మంచులో నిలబడ్డాను, చలికి కాలివేలు ఒకటి పోయింది. ఆయన్ను పట్టి లాగాలని నేను చెయ్యని మాయ లేదు. తర్వాత విసిగిపోయాను. విసిగాక కూడా మాట్లాడటం మానలేదు. పొద్దున లేవగానే ఆయనతో చెప్తాను, వేళ్లు నొప్పిగా ఉన్నాయని, మినోదోర ఇవాళ కూడా బీట్‌రూట్ మందంగా చెక్కిందని."

"జవాబు వస్తుందా?"

"రాదు."

"రాకపోతే అక్కడ ఎవరూ లేరేమో!"

"లేరేమో," అంది తెక్లా, చలించకుండా. "నేనూ అనుకున్నాను, చాలాసార్లు. కానీ చూడు, ఎవరూ లేని గదిలో మనిషి యాభై ఏళ్లు ఇంత నిజం మాట్లాడగలదా? నాకు తెలీదు. నాకున్నది అంతే. నీకింకా పెద్దది కావాలంటే నా దగ్గర లేదు."

"ఆరేళ్లు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వెళ్లిపోతావని. నువ్వు దువ్వితే తల నొప్పి పెట్టదు." ముసలామె ముఖం పక్కకు తిప్పుకుంది. "అదీ నా తప్పే. క్షమించు."

మినోదోర క్షమించలేదు, ఆ రోజుకు. వెళ్లేముందు మర్యాదకైనా ఆమె చేతిని ముద్దుపెట్టుకోకుండా తోటలోకి వచ్చేసింది. కొండ దిగుతుంటే కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి. నిధి కాపలా కాసిన ఆరేళ్లూ ఖాళీ పెట్టెకు కాపలా కాసిందన్నమాట! సగం దారిలో బండరాయి మీద కూర్చుని గట్టిగా, మనుషులు వింటారన్న భయం లేకుండా, ఆయన్ను తిట్టింది. చిన్నప్పుడు తెప్పలవాళ్ల దగ్గర విన్న తిట్లన్నీ తిట్టింది. తిట్టి తిట్టి అలిసి, ఎవరిని తిడుతున్నానా అని ఒక్క క్షణం ఆగింది. లేనివాడి మీద ఇంత కోపం ఎలా వస్తుంది? ఆ ఆలోచనకు ఊరట కలగలేదు, చిరాకేసింది. లేచి బస్సు కోసం పరుగెత్తింది.

తెక్లా ఈస్టర్ దాటిన మూడో వారంలో పోయింది. కబురు పది రోజులు ఆలస్యంగా అందింది. ఆ సాయంత్రం మినోదోర పీట మీద కూర్చుని, గోడకు మొహం పెట్టి, "ఆమె చేతిని ముద్దుపెట్టుకోలేదు," అని పైకే అంది. అది ఎవరితో అన్నదో చూసుకోలేదు. అగ్లాయియా తనతో అనుకుని, "ఏ చేతిని?" అంది.

అయిదేళ్లు అలా నడిచాయి. అగ్లాయియాను వడికే పని నుంచి తీసేసి ఊడ్చే పనిలో వేశారు. మినోదోర ఏకే యంత్రం దగ్గరే ఉంది. ప్రార్థన ఉందో లేదో తెలియని తీరుగా ఉండేది. పొద్దున దువ్వెన పట్టుకుని అగ్లాయియా వెనక నిలబడి రెండు మాటలు, రోలర్లు తుడుస్తూ నాలుగు తిట్లు, బస్సు తప్పిపోతే ఒక ఫిర్యాదు. ఒకసారి మూడు వారాల పాటు వెలుగు గురించి తలచుకోనే లేదని గుర్తొచ్చి హడలిపోయింది. ఇదేనా దారి, లేక దారి తప్పడం ఇలాగే ఉంటుందా? అడగడానికి ఎవరూ లేరు.

అప్పుడు మఠం నుంచి ఉత్తరం వచ్చింది. తివాచీలు నేసే కూలీ అన్న పేరుతో ఆమెను తిరిగి చేర్చుకోవచ్చని అధికారులు ఒప్పుకున్నారు. తెక్లా గది ఖాళీగా ఉంది.

"పో," అంది అగ్లాయియా. "నాకింకా ఎనిమిది వేళ్లున్నాయి."

"జడ?"

"కత్తిరించేస్తాను. నీకులాగే. సన్యాసమ్మ అంటారు, అనుకోనీ."

వెళ్లింది. తెక్లా మంచం మీద పడుకుంది. చుట్టూ ఇన్నేళ్లుగా కలలుగన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మొదటి వారం నిద్రపట్టలేదు. రెండో వారం జపంలో మూడు వందల ముడులు తడబడకుండా లెక్కపెట్టి, మూడు వందలూ ఎడంచేత్తో గుండీ పెట్టుకోలేక విసుక్కునే ఒక మనిషినే తలుచుకున్నానని గ్రహించింది. మూడో వారం మఠాధిపతి దగ్గరికి పోయింది.

"అమ్మా, ఇక్కడ ఉండమన్నది ఆయనా, పొమ్మంటున్నది ఆయనా? ఏది శోధనో నాకు తెలియడం లేదు."

మఠాధిపతి అలిసిపోయిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నాకూ తెలియదు తల్లీ. తెలిసినట్టు చెప్పేవాళ్లు దొరికితే మాత్రం వాళ్ల దగ్గరికి పోకు. రేపటిదాకా ఆలోచించు."

మినోదోర రేపటిదాకా ఆగలేదు. పాలు పట్నానికి తీసుకుపోయే లారీ మధ్యాహ్నం బయల్దేరుతుంటే ఎక్కేసింది. మఠం కనుమరుగవుతుంటే దిగిపోదామని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కూర్చుంది.

తలుపు తీసిన అగ్లాయియా అప్పటికే జడ కత్తిరించుకుని ఉంది. కత్తెర పట్టింది ఎడంచేత్తో కాబట్టి ఒక వైపు పొడుగు, ఒక వైపు పొట్టి.

"ఏం, దొరికాడా?" అంది.

"లేదు."

"మరి నావల్ల వచ్చావా? నాకు జాలి అక్కర్లేదని ముందే చెప్తున్నా."

"నీవల్లో, ఆయనవల్లో, ఊరికే ఉండలేకో, నిజంగా తెలీదక్కా. తెలిస్తే చెప్పనా?"

అగ్లాయియా ఆమెను కిందినుంచి పైకి చూసింది. మూట అందుకుని లోపల పడేసింది. "కూర్చో. కాదు, కూర్చోకు, నీవల్ల కాదు. ఆ కత్తెర తీసుకుని ఈ రెండో వైపు సమానం చెయ్యి. మిల్లుకు ఇలా పోతే నవ్వుతారు."

మినోదోర కత్తెర తీసుకుంది. కత్తిరిస్తూ, అలవాటు ప్రకారం, లారీలో ఎంత చలేసిందో లోపల ఎవరికో ఫిర్యాదు చేయడం మొదలుపెట్టింది.